వికటకవి, పైథాన్, సీసపు అచ్చులు

వికటకవి అన్న మాట ఎటునుంచి చదివినా ఒకటేనని బడి పిల్లాడు కూడా చెబుతాడు. పైథాన్ ఒప్పుకోదు. మాటని తిరగేసి అసలు మాటతో సరిపోల్చమంటే 'ఫాల్స్' అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. తిరగేసిన మాటని తెర మీద వెయ్యమంటే ముందు చుక్కల సున్నా ఒకటి, దాని నెత్తిన గుడి, ఆపైన 'వకటకివ' అని వస్తుంది. నా సాయంత్రం బ్యాచిలో ఏటా ఎవరో ఒకరు దీన్ని కనిపెట్టి, "సార్, పైథాన్‌కి తెలుగు రాదు" అని తీర్పు ఇచ్చేస్తారు.

వాళ్ళు రాసే ప్రోగ్రాం రెండు లైన్లే. 'ఫర్ అక్షరం ఇన్ మాట', దాని కింద 'ప్రింట్ అక్షరం'. (పైథాన్ 3లో చలరాశుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. పిల్లలకి అదో సరదా.) 'వికటకవి' ఇచ్చి నడిపితే ఏడు లైన్లు పడతాయి: వ, గుడి, క, ట, క, వ, గుడి. మన లెక్కకి అవి ఐదు. రెండు గుళ్ళూ తమ హల్లుల్ని వదిలి విడిగా నిలబడ్డాయి కాబట్టి వెనక్కి నడిచేటప్పుడు మొదటి గుడికి ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు, రెండోది పోయి క మీద కూర్చుంది.

ఇదెక్కడి లెక్క అని పైథాన్ పుస్తకంలో వెతికితే జవాబు దొరకదు. మాటని ముక్కలు చేసేటప్పుడు ఒక్కో ముక్క ఎంత ఉండాలన్నది ప్రోగ్రామర్లకంటే ముందే వేరేవాళ్ళు, వాళ్ళ వాళ్ళ అవసరాల కోసం తేల్చిపెట్టారు. ఆ తేల్చినవాళ్ళలో అచ్చాఫీసు వాళ్ళం మేమూ ఉన్నాం.

1980ల చివర తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో నేను కంపోజింగు నేర్చుకున్నాను. శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఏడాదికి రెండో మూడో కవితా సంపుటాలు. తెలుగు టైపు కేసంటే వందల గళ్ళ వ్యవహారం. క ఒక గది, కా ఒక గది, కి ఒక గది. అరుదుగా వాడే ఘ, ఝ, ఠల దగ్గరికొచ్చేసరికి గుణింతమంతా దొరకదు, ముక్కలు జోడించి కట్టుకోవాలి. ఒత్తులది వేరే కేసు. కొత్తవాడికి ముందు దిమ్మలు పేర్చే స్టిక్కు చేతికివ్వరు, డిస్ట్రిబ్యూషన్ ఇస్తారు. అచ్చయిపోయిన ఫారాన్ని కిరసనాయిలుతో తుడిచి, విప్పి, ముందు పెడతారు. నాలుగైదు లైన్లు ఎడంచేతిలోకి తీసుకుని, కుడిచేతి రెండువేళ్ళతో ఒక్కో దిమ్మా లాగి, ఏమిటో చూసి, దాని గదిలో వెయ్యాలి. దిమ్మ మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. తలకిందులుగా పట్టుకున్నామో లేదో కన్ను పోల్చుకునేలోపే దిమ్మ పక్కనున్న గాటు వేలికి తగిలి చెప్పేస్తుంది. లైను అయిపోయేదాకా తియ్యి, చూడు, వెయ్యి. ఫర్ లూపు అంటే ఏమిటని ఎవరన్నా అడిగితే నేనిప్పటికీ ఈ డిస్ట్రిబ్యూషనే చెబుతాను.

"ఒరే అబ్బాయ్, స్త్రీ ఎన్ని?" అని మా ఫోర్‌మన్ మాస్టారు కొత్తగా చేరిన ప్రతివాడినీ అడిగేవారు. "ఒకటి మాస్టారూ" అన్నవాడు ఇంకా బళ్ళోంచి బయటికి రానట్టు. మూడు అనాలి. సీ ఒక దిమ్మ, తావత్తు ఒక దిమ్మ, రావత్తు ఇంకో దిమ్మ. ఆలోచిస్తే బడిలో మనం వల్లించిందీ అదే వరుస: సకి గుడిదీర్ఘమిస్తే సీ, తావత్తిస్తే స్తీ, రావత్తిస్తే స్త్రీ. చేత్తో రాసినా ముందు పైది, తర్వాత కిందివి. కంటికి కనిపించే వరుస అది. 1746, 47 సంవత్సరాల్లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ తెలుగులో చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించిన నాటి నుంచి, 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ళ వారి ముద్రణల మీదుగా, మా తెనాలి ట్రెడిల్ మెషీను దాకా సీసానికి తెలిసింది కనిపించే ఆకారమే. పలుకుబడితో దానికి పనిలేదు. స్త్రీలో ఈకారం అన్నిటికన్నా చివర పలుకుతుందన్న సంగతి కంపోజిటరుకి తెలియక్కర్లేదు. తెలిసినా చెయ్యగలిగింది లేదు.

టైపు మిషన్లు వచ్చినా ఈ పద్ధతి మారలేదు, ఇంకాస్త బిగిసింది. ఇంగ్లీషు మిషన్‌కి ఉన్నన్ని మీటల్లోనే తెలుగంతా ఇరికించాలి కాబట్టి తలకట్టు కూడా విడి ముక్కయింది. 1990లలో విజయవాడ, హైదరాబాదు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద కూర్చున్నప్పుడు మాకు కొత్తగా నేర్చుకోవాల్సింది మౌసు పట్టుకోవడం ఒక్కటే అనిపించింది. ముక్కలు అవే, వరుస అదే. సీసం బదులు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీద తెలుగు ముక్కల బొమ్మలు అంటించి పెట్టారు. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే యూరపు భాషల టోపీల అక్షరాలు, పౌండు గుర్తులు, డిగ్రీ గుర్తులు. శుభలేఖ అచ్చు కావడానికి అంతకన్నా అక్కర్లేదు గనక ఎవరికీ బాధ అనిపించలేదు.

ఇక లూపు పుట్టుక సంగతి. 1957లో ఐబీఎం 704 యంత్రం మీద వచ్చిన ఫోర్ట్రాన్‌కి అక్షరాల మీద పెద్ద మక్కువ లేదు. అది సూత్రాల భాష. ఆ యంత్రంలో 36 బిట్ల పదం ఒకటి, అందులో ఆరేసి బిట్ల చొప్పున ఆరు అక్షరాలు పడతాయి. 1970లో జూరిచ్‌లో నిక్లాస్ విర్త్ తెచ్చిన పాస్కల్‌లోనూ, ఆ వెంటనే బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేసిన సీలోనూ అక్షరం అనేదానికి ఒక జాతి ఏర్పడింది. కానీ మాట వెంట నడవడం ప్రోగ్రామరు పనే. ఒకటో చోటు, రెండో చోటు అని అంకె పెంచుకుంటూ పోవాలి. సీలో అయితే సున్నా విలువున్న బైటు తగిలేదాకా పోవాలి. ఆ సున్నా పెట్టడం మరిచారో, పక్కవాళ్ళ జాగాలోకి వెళ్ళిపోతారు. మన ఇంజనీరింగు కాలేజీల ల్యాబుల్లో టర్బో సీ నీలం తెర ముందు పెరిగిన తరం ఇప్పటికీ పైథాన్‌లో కూడా 'ఫర్ ఐ ఇన్ రేంజ్ లెన్' అని రాస్తుంది. అక్షరాన్ని అడగరు, చోటుని అడుగుతారు. దాన్ని మాన్పించడానికి నాకు పట్టే కాలం లూపు నేర్పడానికి పట్టదు.

చోటుతో పనిలేకుండా నేరుగా అక్షరాన్నే అడిగే పద్ధతి పైథాన్‌కి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చింది. అక్కడి గణిత, కంప్యూటర్ పరిశోధనా కేంద్రం సీడబ్ల్యూఐలో లాంబర్ట్ మెర్టెన్స్, లియో గర్ట్స్, స్టీవెన్ పెంబర్టన్ కలిసి ఏబీసీ అనే భాషని తయారుచేశారు. ప్రోగ్రామింగు వృత్తి కాని మామూలు మనుషుల కోసం ఉద్దేశించింది అది. అందులో 'ఫర్ ఇన్' అని రాస్తే చాలు. మాటైనా, జాబితా అయినా, పట్టిక అయినా లోపలున్న వాటిని అదే ఒక్కొక్కటిగా అందిస్తుంది. ఆ బృందంలో పనిచేసిన గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో సొంతంగా ఒక భాష మొదలుపెట్టి, బీబీసీలో వచ్చిన హాస్య కార్యక్రమం మాంటీ పైథాన్ పేరు దానికి పెట్టి, 1991 ఫిబ్రవరిలో బయటికి వదిలాడు. ఏబీసీ జనంలోకి పోలేదు గానీ దాని ఫర్ మాత్రం పైథాన్‌లో స్థిరపడింది. దానితోపాటు ఇంకో అలవాటూ వచ్చింది. పైథాన్‌లో అక్షరానికి వేరే జాతి లేదు. మాటలోంచి ఒకటి తీస్తే అదీ మాటే, పొడవు ఒకటి. దాంట్లో మొదటిది తీస్తే మళ్ళీ అదే. పిల్లలు దీన్ని చాలాసేపు ఆడుకుంటారు.

1991లో ఆ 'ఒకటి' అంటే ఒక బైటు. ఇంగ్లీషుకి అది చక్కగా సరిపోయింది. అదే సంవత్సరం ఇంకో రెండు జరిగాయి. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 అనే ప్రమాణం విడుదల చేసింది. ఇస్కీ అంటారు దాన్ని. అక్టోబరులో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. వికటకవి ఏడు ముక్కలు కావడానికి మూలం పైథాన్‌లోకన్నా ఈ రెండిట్లోనే ఎక్కువుంది. ఆ సంగతులేవీ తెలియని మేము ఆ ఏడాదంతా తెనాలిలో స్త్రీని మూడు గదుల్లో వేసుకుంటూనే ఉన్నాం.

ఇస్కీ వెనక ఐఐటీ కాన్పూరులో 1980లలో జరిగిన పని ఉంది. భారతీయ లిపులన్నిటినీ కంప్యూటరు తెర మీదకి తేవాలన్న ఆ ప్రయత్నం జిస్ట్ అన్న పేరుతో, 1988లో పుణేలో సీ-డాక్ ఏర్పడ్డాక అక్కడ కొనసాగింది. వాళ్ళకున్న జాగా చాలా ఇరుకు. ఒక బైటులో 256 విలువలు. మొదటి సగం ఇంగ్లీషుకి పోయింది. మిగిలిన సగంలో దేశంలోని లిపులన్నీ సర్దాలి. తెలుగు కేసులోని గళ్ళన్నిటికీ తలా ఒక అంకె ఇవ్వబోతే తెలుగుకే చాలదు. అందుకని వాళ్ళు అచ్చాఫీసుని పక్కన పెట్టి వ్యాకరణం వైపు వెళ్ళారు. మన లిపులు దాదాపు అన్నీ బ్రాహ్మి సంతానమే. క, ఖ, గ, ఘ వరుస అన్నిటికీ ఒకటే. కాబట్టి క అన్న ధ్వనికి 179 అని ఒకే అంకె. దాన్ని తెలుగు ఆకారంలో చూపాలో, కన్నడంలోనో, దేవనాగరిలోనో విడిగా ఒక సూచన చెబుతుంది. గుణింతపు గుర్తులకు తలా ఒక అంకె. ఒత్తులకి అసలు అంకెలే లేవు. హల్లులో ఉన్న అకారాన్ని తీసేసే పొల్లుకి 232 ఇచ్చారు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే ఒత్తుగా చూపించడం తెర బాధ్యత. వరుస కూడా పలికే వరుసే. స్త్రీ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఆఖరున గుడిదీర్ఘం. మూడు దిమ్మలు పోయి ఆరు అంకెలు వచ్చాయి, సీ అన్నది ఎక్కడా లేదు.

యూనికోడ్ ఏ లిపి ఇల్లు ఆ లిపికి కట్టింది గానీ ఇళ్ళన్నీ ఒకే ప్లాను. ఇస్కీ 1988 నాటి కూర్పు ఆ ప్లానుకి ఆధారం. తెలుగు ఇంటికి 128 గదులు, 3072 నుంచి 3199 దాకా. తెలుగు క అంకె 3093. దేవనాగరి క అంకె 2325. తేడా 768. ఖకీ అదే తేడా, మకీ అదే, దీర్ఘానికీ అదే. దీన్ని పిల్లల చేత చేయించి చూపిస్తాను: దేవనాగరిలో రాసిన 'రామ' తీసుకుని, లూపు పెట్టి, ఒక్కోదానికీ 768 కలపమంటే తెలుగు 'రామ' వస్తుంది. ర, దీర్ఘం, మ. ఏ నిఘంటువూ అక్కర్లేదు, కూడిక చాలు. ఇంకో తమాషా కూడా ఉంది. 3112 న, 3114 ప. మధ్యలో 3113 ఏమిటని అడిగితే అక్కడ ఎవరూ లేరు. దేవనాగరి ఇంట్లో ఆ గది కింద చుక్క పెట్టిన నకారానిది. తెలుగులో అది లేదు గనక గది ఖాళీగా ఉంచారు. మన తవర్గానికీ పవర్గానికీ మధ్య ఉన్న ఆ ఖాళీ దేవనాగరి ప్లాను మనకి పెట్టిన అద్దె. ఇటు మనకి కావలసినవి కొన్ని చాలాకాలం రాలేదు. దంత్య చ, జలు, అవగ్రహం 2008 దాకా తెలుగు ఇంట్లోకి అడుగుపెట్టలేదు.

ఉత్తరాది వాళ్ళ నమూనా మన నెత్తిన రుద్దారని అచ్చాఫీసు మిత్రులు చాలామంది అంటూ ఉంటారు. ప్రతి గుణింతానికీ, ప్రతి ఒత్తుకీ విడిగా అంకె ఇచ్చి ఉంటే లూపులో చక్కగా అక్షరాలే వచ్చేవి కదా అంటారు. నేను ఒప్పుకోను. హల్లులు, గుణింతాలు, రెండేసి ఒత్తులు, అన్నిటి కలయికలకీ అంకెలు కావాలంటే వేలల్లో పడుతుంది. అదంతా ఇచ్చినా రేపు ఎవడో ఇంగ్లీషు మాటని తెలుగులో రాస్తూ కొత్త ఒత్తు పుట్టిస్తాడు. పలికే వరుసలో దాచడం వల్లే ఈ రోజు తెలుగు మాటని వెతకగలుగుతున్నాం, అకారాది క్రమంలో పేర్చగలుగుతున్నాం. చిక్కంతా, దాచడానికి చేసిన ముక్కనే అక్షరమని పైథాన్ చేతికిస్తే మనం సరేనని పుచ్చుకోవడంలో ఉంది.

ఆ ముక్క పైథాన్‌లోకీ ఊరికే రాలేదు, అంచెలంచెలుగా వచ్చింది. పైథాన్ 2.0 2000 అక్టోబరులో వచ్చినప్పుడు మార్క్ ఆండ్రే లెంబర్గ్ ముందుండి నడిపిన యూనికోడ్ మాటలు దాంట్లో చేరాయి. అయితే మామూలు మాటలు బైట్లుగానే ఉండిపోయాయి. యూనికోడ్ కావాలంటే ముందు ఒక 'యు' తగిలించాలి. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ తయారుచేసిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు పడుతుంది. 'యు' తగిలించకుండా 'తెలుగు' ఇచ్చి లూపు నడిపితే పద్దెనిమిది ముక్కలు వచ్చేవి, ఒక్కటీ చదవడానికి పనికిరానిది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఆరింటికీ తలా మూడు. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3తో మాట అంటే యూనికోడే అయింది. పద్దెనిమిది ఆరయ్యాయి. పాత ప్రోగ్రాములు చాలావరకు విరిగిపోయాయని ప్రపంచమంతా గైడోని తిట్టుకుంటున్న రోజుల్లో, తెలుగు ఫైళ్ళతో కుస్తీపడే మాలాంటి వాళ్ళం ఊపిరి పీల్చుకున్నాం. పాతది 2020 జనవరి 1న అధికారికంగా మూతపడింది.

నేను ఈ భాష నేర్చుకున్నది కూడా పని పడే. ఒక ప్రచురణకర్త దగ్గర పాతికేళ్ళ పేజ్‌మేకర్ ఫైళ్ళున్నాయి, అన్నీ అను ముక్కలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. అప్పటికి ఈ రకం పనిలో దారి వేసినవాళ్ళున్నారు. తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు తలా ఒక ఫాంటుతో నడుస్తున్న కాలంలో వాటిని బ్రౌజరులోనే యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే పొడిగింపుని వెన్న నాగార్జున తయారుచేశారు. రోమన్ లిపిలో కొడితే తెలుగు చూపే వీవెన్ 'లేఖిని' ఇంకోవైపు నుంచి అదే గోడ కొట్టింది.

ఈ మార్పిడిలో కష్టమంతా స్త్రీ దగ్గరే. అను ఫైలులో అది అచ్చాఫీసు వరుసలో ఉంటుంది: ముందు సీ, తర్వాత తావత్తు, తర్వాత రావత్తు. యూనికోడ్‌కి గుడిదీర్ఘం ఆఖరున కావాలి. కాబట్టి లూపు ఒక్కో ముక్కా అందిస్తూ ఉంటే, సీ రాగానే సని కింద పెట్టి, గుడిదీర్ఘాన్ని చేతిలో పట్టుకుని నిలబడాలి. తర్వాతది ఒత్తా? అయితే పొల్లు రాసి, త రాసి, ఇంకా పట్టుకునే ఉండాలి. మళ్ళీ ఒత్తా? పొల్లు, ర. ఆ తర్వాతది ఒత్తు కాదని తేలాక అప్పుడు గుడిదీర్ఘాన్ని దింపాలి. లైను చివర అక్షరమైతే తర్వాతది రానే రాదు, కాబట్టి లూపు అయిపోయాక కూడా చేతిలో ఏమైనా మిగిలిందేమో ఒకసారి చూసుకోవాలి. ప్రోగ్రాం అంతా కలిపి రెండు పేజీలు. కంపోజిటరుకి ఏ ముక్క దేని పక్కన కూర్చుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు గనక, కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళకన్నా నాకది సుళువుగానే పడింది.

కంటికి ఆననివి ఇంకా ఉన్నాయి. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాస్తే ట్‌కీ వేకీ మధ్య కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. పొల్లు ఒత్తుగా మారకుండా అడ్డం పడడమే దాని పని. లూపులో పెడితే మొత్తం పదకొండు ముక్కలు, అందులో ఏడోది ఖాళీ లైనులా పడుతుంది. సగంమంది దాన్ని పెట్టరు, సగంమంది పెడతారు. రెండు మాటలూ చూడ్డానికి కాస్త వేరుగా, కంప్యూటరుకి పూర్తిగా వేరుగా ఉంటాయి. 'పైథాన్' అన్న మాటకే ఇంకో తిప్పలుంది. ఐత్వాన్ని ఒకే గుర్తుగా పెట్టచ్చు, ఎత్వమూ దాని కింది తోకా అని రెండు గుర్తులుగానూ పెట్టచ్చు. రెండూ యూనికోడ్‌కి సమ్మతమే. మొదటి పద్ధతిలో ఆరు ముక్కలు, రెండో పద్ధతిలో ఏడు. ముందు ఒకే పద్ధతిలోకి సర్దుకుని గానీ లూపు మొదలుపెట్టకూడదని నేను మొదటి రోజే చెబుతాను.

ఈ కనబడని గుర్తే 2018 ఫిబ్రవరిలో తెలుగుని ప్రపంచ వార్తల్లోకి ఎక్కించింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఆ కనబడని గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరుస వచ్చిన సందేశం అందుకుంటే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. 'ఐఫోన్‌ని చంపే తెలుగు అక్షరం' అని పత్రికలు రాశాయి. జ్ఞా పాపమేమీ లేదు. ఆ ముక్కల్ని జోడించి ఎక్కడ ఒక అక్షరం అయిందో తేల్చుకునే చోట ఆ ఫోను తడబడింది.

ఆ తేల్చుకోవడానికి యూనికోడ్ వాళ్ళ దగ్గర ఒక నియమావళి ఉంది. చదివేవాడి కంటికి ఒకటిగా కనిపించే గుంపు ఎక్కడ తెగుతుందో అది చెబుతుంది. పైథాన్‌లో మాథ్యూ బార్నెట్ రాసిన రెజెక్స్ మాడ్యూలుతో ఆ గుంపుల మీద లూపు పెట్టుకోవచ్చు. వికటకవి అక్కడ ఐదు, తిరగేసినా వికటకవే. కానీ ఆ నియమావళి చాలాకాలం పొల్లు తర్వాత తెంపేసేది. స్త్రీ మళ్ళీ మూడయ్యేది, ఈసారి స్, త్, రీ అని. మా మాస్టారి మూడుకీ దీనికీ పోలిక లేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో దేవనాగరి, బంగ్లా, గుజరాతీ, ఒడియా, మలయాళాలతో పాటు తెలుగుకీ సంయుక్తాక్షరాన్ని తెంపకూడదన్న నియమం చేరింది. అప్పటికి గానీ స్త్రీ ఒకటి కాలేదు.

ఛందస్సు వాళ్ళకి ఇది ఎప్పుడూ ఒకటే. అప్పకవి 1656లో అప్పకవీయం మొదలుపెట్టేనాటికే పద్యం అక్షరాల్ని వేళ్ళ మీద లెక్కపెట్టడం ఎంత పాతబడిన విద్యో చెప్పక్కర్లేదు. ఉత్పలమాల పాదానికి ఇరవై, చంపకమాలకి ఇరవయ్యొకటి. వాళ్ళ నడకలో ఒక మెలిక ఉంది. అక్షరం గురువో లఘువో తేల్చడానికి దాన్నొక్కదాన్నీ చూస్తే చాలదు, తర్వాతది సంయుక్తాక్షరమేమో తొంగి చూడాలి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఎటునుంచి చదివినా ఒకటిగా ఉండే పద్యం కట్టాడంటే గుడులూ కొమ్ములూ హల్లుని అంటిపెట్టుకుని తిరిగే లెక్కలోనే కట్టాడు. ఈ పని కంప్యూటరు చేత చేయించే 'ఛందం' అనే సాఫ్ట్‌వేర్‌ని మిరియాల దిలీప్ ఇప్పటికే తయారుచేశారు. గణాలు, యతి, ప్రాస అన్నీ చూసి చెబుతుంది. అయినా చిన్నది ఒకటి సొంతంగా రాయమని నా బ్యాచికి ఇస్తాను.

మొన్నటి బ్యాచిలో ఒకమ్మాయి కొత్త నియమం ప్రకారం గుంపులు తీసి, తను కట్టిన ఉత్పలమాల పాదాన్ని ఇచ్చింది. ఇరవయ్యొకటి వచ్చింది. "సార్, యూనికోడ్ వాళ్ళు మళ్ళీ తప్పా?" అంది. "పాదం చివర ఏముందమ్మా?" అన్నాను. 'చేసెదన్' అని ఉంది. యూనికోడ్ ఆ న్‌ని విడి గుంపుగా లెక్కపెట్టింది. దాని దృష్టిలో తప్పేమీ లేదు, కంటికి అది విడిగానే కనిపిస్తుంది. ఛందస్సులో పొల్లు ముందు అక్షరంలో కలిసిపోయి దాన్ని గురువు చేస్తుంది, సొంతంగా లెక్కకి రాదు. గుంపు పొల్లుతో ముగిస్తే దాన్ని ముందు గుంపుకి అతికించమని ఒక షరతు రాసింది. ఇరవై వచ్చాయి. చివర్న 'దన్' గురువని పడింది. ఆ తర్వాత పదో అక్షరం దగ్గర యతి చూడడం మొదలుపెట్టింది, అది కుదరలేదు. ఈసారి ప్రోగ్రాం బాగానే ఉంది, పద్యమే మార్చుకోవాల్సి వచ్చింది.